మేడ మీద ఫుట్‌బాల్

కాలేజీలో నా కుడికాలికి పేరుండేది. సగం గ్రౌండ్ నుంచి కొడితే బంతి గోల్‌కీపర్ తల మీదుగా పోయి వలలో పడేదని పక్క కాలేజీలవాళ్లు కూడా ఒప్పుకునేవారు. ఆ కాలిని నమ్ముకున్న నేను చివరికి అమీర్‌పేటలో ఒక స్కూల్లో సోషల్ టీచర్ని, ఫుట్‌బాల్ కోచ్‌ని అయ్యాను. చేరిన రోజున "గ్రౌండ్ ఎక్కడ సార్?" అని అడిగితే కరస్పాండెంట్ గారు వేలు పైకి చూపించారు. దేవుణ్ణేమో అనుకున్నాను. మేడనట.

నాలుగంతస్తుల మేడ. ఒక పక్క నీళ్ల ట్యాంకులు, ఇంకో పక్క హాస్టల్ గోడ, కింద కోచింగ్ సెంటర్ల సందు. మొదటి వారంలోనే నా గొప్ప చూపిద్దామని ఒక్కటి కొట్టాను. బంతి పోయి మిర్చి బజ్జీల బండి మీద పడింది. బండాయన దాన్ని పైకి తెచ్చి, పిల్లలందరి ముందూ "సార్, మీరన్న జర పెద్దమనిషి లెక్క ఉండాలె గద" అన్నాడు.

ఆ రోజు నుంచి రెండే చట్టాలు. బంతి మోకాలు దాటి లేవకూడదు. కింద పడేసినవాళ్లే దిగి తెచ్చుకోవాలి. ఆ సందులో కరపత్రాలు పంచేవాళ్లను తప్పించుకుని మళ్లీ పైకెక్కేసరికి పీరియడ్ అయిపోయేది. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు తొందరగానే దారికొచ్చారు. బంతిని కాళ్ల మధ్యే పెట్టుకుని తిరిగేవారు. ఇది ఫుట్‌బాలా, ముగ్గు వెయ్యడమా అని నేను లోలోపల ఏడ్చేవాణ్ణి.

ఇక లెక్కల మాస్టారు. గుంటూరాయన. కన్నంతా నా గేమ్స్ పీరియడ్ మీదే. "ఏంటండీ, ఇవాళ మబ్బుగా ఉంది, పిల్లల్ని నాకిచ్చేయండి" అనేవారు. ఎండ కాసినా ఇదే వరస. చివరికి కరస్పాండెంట్ గారి దగ్గర తేల్చేశారు. పంజాగుట్ట స్కూలుతో మ్యాచ్ ఓడిపోతే గేమ్స్ పీరియడ్లన్నీ లెక్కలకే. ఆ పిల్లలకు ఇక ఆటే ఉండదు. నాకు అన్నం సహించలేదు.

మ్యాచ్ యూసుఫ్‌గూడలో, నిజమైన మట్టి గ్రౌండ్‌లో. లెక్కల మాస్టారు కూడా గొడుగేసుకుని వచ్చారు. అంత చోటు చూసి మావాళ్లు బిత్తరపోయి, ఒక మూల మేడంత జాగాలోనే ఆడారు. ఆ గుంపులో అవతలివాళ్లకు బంతి కనబడితే కదా! గుంపు అలాగే జరుగుతూ జరుగుతూ గోల్‌లోకి వెళ్లింది, బంతితో సహా.

ఒక గోల్ ఆధిక్యం, మిగిలింది కాసేపే. అవతలివాళ్లు మీద పడుతున్నారు. "బయటికి కొట్టు! దూరంగా కొట్టు!" అని అరిచాను. గెలుస్తున్నవాళ్లు చేసే పని అదే, బంతి తెచ్చేలోగా టైమైపోతుంది. ఒక్కతి కొడితే ఒట్టు. లెక్కల మాస్టారు సైతం గొడుగు ఊపుతూ "కొట్టమ్మా, కొట్టు!" అని గోల పెట్టారు. వాళ్లు మాత్రం మూలన చేరి, నీకు నాకు అని బంతి ఇచ్చుకుంటూనే ఉన్నారు, విజిల్ ఊదేదాకా.

గెలిచాం. కెప్టెన్ పిల్ల రొప్పుతూ వచ్చింది. "బయటికి కొట్టమంటే ఇనబడలేదా?" అని గద్దించాను.

"ఇనబడ్డది సార్. కొడితె, మల్ల ఎవరు దిగి తేవాలె?"

నవ్వొచ్చింది. వెంటనే మనసు చివుక్కుమంది. బంతి తీసి ఆ పిల్ల ముందు పెట్టాను. "ఈడ దిగేదేం లేదు తల్లీ. ఎంత దూరం పోతదో కొట్టు."

ముందు నా మొహం చూసింది, తర్వాత నాలుగు వైపులా చూసింది. కళ్లు మూసుకుని కొట్టింది. బంతి ఆకాశానికి లేచి, గోడ దాటి, రోడ్డవతల పడింది. పిల్లలంతా ఒకటే కేక. తేవడానికి గొడుగు పారేసి పరుగెత్తింది లెక్కల మాస్టారే.