ఆటకి సన్నాయి వాయించిన మాస్టారు

భవానీపురంలో మా ఎదురింటి సన్నాయి మాస్టారు పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. వన్ టౌన్‌లో మా చీరల షాపు షట్టరు ఎత్తుతుండగా మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. షట్టరు సగంలోనే ఉండిపోయింది.

ఆయన గురించి చెప్పాలంటే ముందు మా బ్యాండు గురించి చెప్పాలి. మేం నలుగురం. వీడియో గేముల్లో వెనక వినిపించే సంగీతాన్ని మా వాయిద్యాలకి మార్చుకుని వాయిస్తాం. కీబోర్డు నాది. ఆదివారాలు మా మేడ మీద ప్రాక్టీసు. ఆ మోతకి చుట్టుపక్కలవాళ్ళు ఇప్పటిదాకా పోలీసుల్ని పిలవలేదంటే అది వాళ్ళ మంచితనం. ఒక ఆదివారం ఎదురింటి మాస్టారు మెట్లెక్కి వస్తుంటే, సరే, ఇవాళ అక్షింతలు తప్పవనుకున్నాం. ఆయన కుర్చీ అడిగి కూర్చుని, మొత్తం విని, "ఇది ఎవరి కోసం వాయిస్తున్నారు నాయనా?" అన్నారు. గేము ఆడేవాళ్ళ కోసమని చెప్పాం. "మరి వాళ్ళేరీ?" అన్నారు.

మా ఇంట్లో గేము ఆడేది మా ఆవిడ. ఆమెని కూర్చోబెట్టి టీవీలో ఆడించి చూపించాం. కూలిపోయిన కోటలో ఒంటరి సైనికుడు తిరుగుతుంటాడు, ఎక్కడో ఒకచోట రాక్షసుడు మీద పడతాడు. మాస్టారు ఆ మధ్యాహ్నమంతా మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగడం మర్చిపోయి చూశారు. వాడు ఎప్పుడొస్తాడో పాటకి ముందే తెలుసా అని అడిగారు. తెలీదండీ, నేను వెళ్ళేదాన్ని బట్టి ఉంటుంది, అంది మా ఆవిడ. ఆయన పెద్దగా నవ్వి, అయితే ఇది పెళ్ళే, అన్నారు.

ఆ మాట మాకు అర్థమైంది మరుసటి వారం, ఒక పొరపాటు వల్ల. మాస్టారు సన్నాయి తెచ్చుకుని మాతో కూర్చున్నారు. మెల్లగా సాగే పాట నడుస్తోంది. మా గిటారు కుర్రాడికి తీగ సడలింది, ఒక్క నిమిషం ఆగమని వేలెత్తాడు. అంతే, మాస్టారు పాటని ఎక్కడిదక్కడ వదిలేసి గట్టిమేళం అందుకున్నారు. మేడ దద్దరిల్లింది. జీవితమంతా పెళ్ళిపందిళ్ళలో పంతులు గారి వేలు మీదే కన్నుంచిన మనిషి మరి. ఆ వేలు లేస్తే తాళి పడుతున్నట్టు. ఆ క్షణంలో తుమ్ము గానీ ఏడుపు గానీ అశుభం మాట గానీ ఎవరి చెవినా పడకూడదు, అందుకే అంత మోత. మేం పడీపడీ నవ్వాం, ఆయనా నవ్వారు. ఉన్నట్టుండి మా ఆవిడ నవ్వు ఆపి, "రాక్షసుడు వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే ఉండాలండీ" అంది.

మా వాయింపు పద్ధతే ఆ రోజునుంచి మారిపోయింది. పాటని చిన్న చిన్న ముక్కలు చేసుకున్నాం. ఏ ముక్కలోంచి ఏ ముక్కలోకైనా ఎగరగలగాలి. అందరి కళ్ళూ గేము కంట్రోలరు బటన్లు నొక్కే మా ఆవిడ చేతుల మీదే. ఎవరైనా తమ వాయిద్యంలో మునిగిపోయి ఆలస్యమైతే మాస్టారు ఒకటే మాట అనేవారు: "ముహూర్తం మన పాట అయ్యేదాకా ఆగదు నాయనా." రోహిణీకార్తె ఎండలో కూడా ఇస్త్రీ పంచె, లాల్చీతోనే మేడెక్కేవారు. ఇది ప్రాక్టీసే కదండీ అంటే, పందిట్లోకి బనీనుతో వస్తామా అనేవారు.

మొదటి ప్రదర్శనలో, ముందుగానే రికార్డు చేసిన ఆటని తెర మీద వేసి, దానికి వాయిద్దామని నేనన్నాను. అందులో భయం లేదు, తప్పు జరగదు. మాస్టారు ఒప్పుకోలేదు. "రికార్డు చేసిన పెళ్ళికి మేళం దేనికి?" అన్నారు. దాంతో నిండు హాల్లో, అందరి ముందూ మా ఆవిడ నిజంగా ఆడాల్సి వచ్చింది. కోడలు స్టేజీ ఎక్కి గేములాడటమేమిటని మొహం ముడుచుకు తిరుగుతున్న మా నాన్న ముందు వరసలోనే కూర్చున్నారు. ఆమె ఓడిపోతే నవ్వులపాలయ్యేది మా బ్యాండు ఒక్కటే కాదు.

స్టేజీ తెర లేవబోతుండగా ఆమె ఆయన వైపు తిరిగింది. "నేను ఓడిపోతే ఏం చేస్తారండీ మాస్టారూ?" అని అడిగింది.

"ఓడిపోవటం నీ పనమ్మా. అది ఎవరికీ వినపడనివ్వకపోవటం నా పని."

ఇప్పుడాయన లేరు. ఆ చూపు మాకు కాస్తో కూస్తో అబ్బింది, ఆ ఊపిరి మాత్రం ఆయనతోనే పోయింది. అదెలాంటి ఊపిరో ఆ సాయంత్రం చూశాను.

ఆమె ఓడిపోయింది. తెర నల్లబడింది. వెనక వరసల్లో నవ్వు మొదలైంది. నేను వాయించడం ఆపేశాను, మిగతావాళ్ళూ ఆపేశారు. సన్నాయి ఒక్కటే ఆగలేదు. ఒకే స్వరం, సన్నగా మొదలై హాలంతా నిండింది. ఆ నవ్వు దాని కింద అణిగిపోయింది. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నారో పక్కనే ఉన్న నాకు ఇప్పటికీ తెలీదు. తెర మీద సైనికుడు మళ్ళీ లేచేదాకా ఆ స్వరాన్ని అలాగే పట్టుకుని, వాడు అడుగు వెయ్యగానే పాటలోకి దించారు. ఆమె మళ్ళీ ఓడింది. మళ్ళీ అదే స్వరం. ఈసారి నవ్వినవాళ్ళు లేరు. జనం ఆమె లేవడం కోసం కాచుకుని కూర్చున్నారు.

చివరికి రాక్షసుడు కూలాడు, గట్టిమేళం మోగింది, మేం నలుగురం ఒళ్ళు తెలియకుండా వాయించాం. హాలంతా లేచి నిలబడింది. మా నాన్న కూడా లేచారు. చప్పట్లు హోరెత్తుతుంటే మా వాళ్ళు ఒక్కొక్కరే ఆపేసి జనానికి దణ్ణాలు పెడుతున్నారు. మాస్టారు జనం వైపు చూడలేదు. ఆయన కన్ను ఇంకా మా ఆవిడ చేతుల మీదే ఉంది. ఆమె కంట్రోలరుని నేల మీద పెట్టి, చేతులు వదిలాకే సన్నాయి ఆయన పెదవుల మీంచి దిగింది.