భాగ్యకు కనిపించని అంకె

2023 జూన్. రాయచూరులో ఒక కంటి ఆస్పత్రిలో నేను చూపు పరీక్షలు చేస్తున్నాను. ముప్పై ఆరేళ్ళుగా నా పని అదే. జబ్బులు డాక్టరుగారు చూస్తారు, అద్దాల నెంబరు నేను చూస్తాను.

ఆ నెల భాగ్య అనే అమ్మాయి తల్లిదండ్రులతో వచ్చింది. తెలంగాణ సరిహద్దు దగ్గరి పల్లె. మిరప, పత్తి వేసుకునే కుటుంబం. పైలట్ కావాలని పదో తరగతి తర్వాత ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న గ్రూపు తీసుకుంది. పీయూసీ, అంటే ఇంటర్ అయ్యాక వ్యవసాయ డిగ్రీలో సీటు వస్తే వదులుకుంది. ఏడాది ఇంట్లోనే చదివి ఒక ఫ్లయింగ్ స్కూలు ప్రవేశపరీక్ష పాసైంది. ఇక మిగిలింది క్లాస్ టూ మెడికల్, అంటే శిక్షణకు ముందు చేసే ఆరోగ్య పరీక్ష.

ఆమెకు దూరం కొద్దిగా మసక. అద్దాలుంటే పైలట్‌గా తీసుకోరేమోనని వాళ్ళు చాలామందిని అడిగారు. తీసుకుంటారని అందరూ చెప్పారు, అది నిజమే. దాంతో కళ్ళ సంగతి తేలిపోయిందనుకున్నారు.

నెంబరు తక్కువే వచ్చింది. మెడికల్‌లో రంగులూ చూస్తారు కాబట్టి ఇషిహారా పుస్తకం తెరిచాను. అందులో ప్రతి పేజీలో రంగు చుక్కల మధ్య వేరే రంగు చుక్కలతో ఒక అంకె ఉంటుంది.

“ఇది ఎంత బిడ్డా?”

“ఏది మేడం? ఉత్త చుక్కలే ఉన్నయి కద.”

తండ్రి తిమ్మప్ప వంగి చూశాడు. “అవ్ మేడం, దీంట్ల ఏం లేదు. అచ్చు సరిగ్గ పడలేదేమో, వేరే బుక్కు తియ్యుండ్రి.”

“ఏంది మామా! గంత పెద్దగ నల్వై అయిదు కనవడ్తలేదా?” అని తల్లి నర్సమ్మ నవ్వింది. “తండ్రీ బిడ్డ ఒక్కటే మేడం. మిరపకాయ తెంపనికి పంపితే పండువాటితోని పచ్చివి గూడ తెంపుకొస్తరు. పని దొంగలని తిడ్త నేను.”

మిగతా పేజీలూ తిప్పాను. ఇద్దరూ ఒకే చోట తప్పారు.

“మీది మేనరికమా?” అని అడిగాను.

“సొంత మేనమామనే. మా అమ్మ తమ్ముడు.”

ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని ఈ లోపం మగవాళ్ళలో అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఆడపిల్లకు రావాలంటే తండ్రికి ఉండాలి, తల్లి కూడా పైకి తెలియకుండా దాన్ని మోస్తూ ఉండాలి. ఒకే ఇంటి రక్తంలో పెళ్ళి జరిగితే ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. తండ్రీకూతుళ్ళు ఒకేలా చూస్తుండటంతో ఒకరి తప్పు ఒకరికి తెలియలేదు.

“నెంబర్ పెంచుండ్రి మేడం, ఎంత మందం అద్దమైనా పెట్టుకుంటది” అన్నాడు తిమ్మప్ప.

“దీనికి అద్దం లేదప్పా. మందూ లేదు.”

భాగ్య పుస్తకం తనవైపు తిప్పుకుని పేజీలన్నీ మళ్ళీ చూసింది. తర్వాత అంది: “నాకు తెలుస్తయనే అనుకున్న మేడం. రోడ్డు మీద సిగ్నల్ల పైనుండేది ఎర్రది కద.”

నా మాటే ఆఖరిది కాదని చెప్పాను. మెడికల్‌లో లాంటర్న్ టెస్ట్ అని ఇంకొకటి ఉంటుంది. చీకటి గదిలో చిన్న దీపాలు చూపి రంగు అడుగుతారు. దాని మీద ఆశతో బెంగళూరు వెళ్ళారు.

జూలైలో నర్సమ్మ ఒక్కతే వచ్చింది.

“ఆడ గూడ పోయింది మేడం. తిండి తింటలేదు. డిగ్రీకి మల్ల అర్జీ పెట్టమంటే పెట్టనంటది. నాయిన దిక్కు చూస్తనే లేదు. ఆయనేమో చేన్లనే పండుకుంటుండు.”

ఎవరి తప్పూ కాదని చెప్పమన్నాను.

“చెప్పిన మేడం. ఎవరి తప్పు కాకుంటే నాకెందుకొచ్చిందని అడుగుతది. ఏం చెప్పాలె?”



పైలట్ కావాలనుకునే పిల్లలు గ్రూపు ఎంచుకోకముందే ఈ రంగుల పరీక్ష చేయించుకోవాలి. రెండు నిమిషాల పని. పదో తరగతి పిల్లలెవరైనా వస్తే ఏం కావాలనుకుంటున్నారో ఇప్పుడు నేనే అడుగుతాను. ఆ తర్వాత ముగ్గురికి పైలట్ కాలేరని చెప్పాల్సి వచ్చింది. ముందుగా చెబితే బాధ తక్కువగా ఉంటుందనుకునేదాన్ని. వాళ్ళ ముఖాలు చూశాక తెలిసింది, కలిసొచ్చేది రెండు మూడేళ్ళ కాలమే. బాధ అంతే ఉంటుంది.