పీటమ్మ సరేనన్న వీధి

ఇల్లు కొనేవాళ్లు గోడలు తట్టి చూస్తారు, కుళాయిలు తిప్పి చూస్తారు. పీటమ్మ మాత్రం చచ్చినా గుమ్మం తొక్కేది కాదు. "ఇల్లు చూస్తే మనసు పారేసుకుంటాం. గోడకి రంగు మార్చుకోవచ్చు, వీధిని మార్చుకోగలవా?" అని దబాయించేది. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి మరి! రిటైరయ్యాక, ఎవరైనా ఇల్లు కొంటున్నామంటే చాలు, చంకలో చిన్న పీట పెట్టుకుని బయల్దేరేది. పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఆ వీధిలో కూర్చుని, మురుగు ఎటు పారుతుందో, ఎవరికెవరికి మాటల్లేవో, లారీలు ఎన్నింటికి వస్తాయో అన్నీ కనిపెట్టేది. ఆవిడ వద్దంటే బ్రోకర్లు తల పట్టుకునేవాళ్లు.

అలాంటి మనిషి సొంత చెల్లెలి దగ్గరే తప్పులో కాలేసింది.

తల్లి పోయాక తను చంకనేసుకుని పెంచిన చెల్లెలు. మొగుడు వదిలేసి పోతే నాలుగేళ్ల కూతురితో ఒంటరిగా నెట్టుకొస్తోంది. ఉన్నదంతా ఊడ్చి ఒక ఇల్లు చూసుకుంది. "నువ్వు సరేనంటేనే అక్కా" అంది. ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. నీడ ఎదురువైపే ఉంది కాబట్టి పీటమ్మ అటే పీట వేసుకుంది. రోజంతా జనం ఆవిడ ముందునుంచే నడిచారు, నవ్వుతూ పలకరించారు. "కళ్లు మూసుకుని కొనుక్కోవే" అంది.

చేరిన నెలకే చెల్లెలు ఫోన్ చేసింది. "ఎవరూ రావట్లేదక్కా. పాలప్యాకెట్టు ఎదురింటి గేటు దగ్గర పెట్టిపోతున్నారు. గ్యాసతను ఇల్లు దొరకలేదంటాడు. పక్కింటావిడ వస్తానంటుంది, రాదు."

"కొత్తవాళ్లు కదే, నీదంతా చోద్యం!" అని కసిరింది కానీ, మర్నాడే పీట పట్టుకుని వెళ్లింది. ఈసారి చెల్లెలి గేటు పక్కనే కూర్చుంది. పది నిమిషాల్లోనే సంగతి కంటపడింది. ఇటువైపే తిన్నగా వస్తున్న మనిషి, ఇంకో రెండిళ్లుందనగా రోడ్డు దాటి అటు పోతున్నాడు. ఈ ఇల్లు దాటాక మళ్లీ ఇటే వస్తున్నాడు. ఒకరు కాదు, అందరూ అంతే. వీధి ఊడ్చే ఆవిడ కూడా ఆ గేటు ముందు మేర వదిలేసి పోయింది. 'అయ్యో, నా బుద్ధి గడ్డి తిన్నదా! ఆ రోజు నా ముందు నడిచినవాళ్లంతా ఇటునుంచి తప్పుకున్నవాళ్లా?'

అటుగా పోతున్న ఒక ముసలి మాస్టారిని కేకేసి అడిగింది, "రోడ్డెందుకు దాటారండీ?"

"నేనా? దాటలేదే అమ్మా" అన్నాడాయన. అబద్ధమాడే మొహం కాదు.

పీటమ్మ లోపలికి పరుగెత్తింది. ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. "సామాను సర్దవే. డబ్బు పోతే పోయింది, ఈ పూటే వెళ్లిపోదాం."

చెల్లెలు బావురుమంది. "నువ్వు సరేనన్నావు కదక్కా!"

పీటమ్మ చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది. "నాదే తప్పు తల్లీ" అంది.

పాపకి జ్వరం. మందు తెచ్చాక బయల్దేరదామని చెల్లెలు దుకాణానికి వెళ్లింది. పీటమ్మ పాపని పడుకోబెట్టి, గేటు దగ్గరికొచ్చి దారి చూస్తూ నిలబడింది. కాసేపటికి చెల్లెలు వీధి మలుపు తిరిగింది. గబగబా వచ్చింది. ఇంకో రెండిళ్లుందనగా రోడ్డు దాటింది. అటువైపునుంచే ఇల్లు దాటి సాగిపోతోంది.

"ఏమేవ్! ఎక్కడికే?"

"ఇంటికే అక్కా" అంది ఆగి, నవ్వుతూ. "ఎవరింటి ముందు నిలబడ్డావు?"

పీటమ్మ లోపలికి ఉరికి, పాపని ఎత్తుకుని, ఒక్క అంగలో రోడ్డు దాటింది. పాప "అమ్మా" అంటూ చేతులు చాచింది. చెల్లెలు ఆ నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

"ఎవరి పాపక్కా? ఒళ్లు కాలిపోతోంది పాపం. ఇదిగో, ఈ మందు పట్టు. ఎవరికో కొన్నాను."