మిగతా తగువు రేపు

దోనేశ్వరి పిన్నికి తగువు మొదలుపెట్టడమే తెలుసు, ముగించడం తెలియదు. పీట వేసినా కూర్చోదు. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట. అనవలసిన మాట అనేసి, అవతలివాళ్లు జవాబుకు నోరు తెరిచేసరికి వక్కతోటల దారిలో ఉంటుంది. "మిగతాది రేపు" అన్న కేక ఒక్కటే వెనక్కి వస్తుంది. ఆమె మొగుడు పెళ్లినాటి జవాబొకటి ఇంకా దాచుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు.

ఈమధ్య ఆవిడ కన్ను, వరసకు అక్క కూతురైన సునీల తండ్రి గజేంద్ర మీద పడింది. ఆయన కోచ్ తెగలో తింతెకియా శాఖవాడు. ముప్ఫై ఐదేళ్ల కిందట హరిగయా కోచ్‌ల ఈ ఊరికి ఇల్లరికం వచ్చాడు. అందరూ కోచ్‌లే, భాషలు మాత్రం వేరు. ఆయన భాష నేర్చుకున్నది భార్య ఒక్కతే. సునీలకు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. కోతలప్పుడు భార్య పోయాక ఆయన మాట ఆగింది, తిండీ తగ్గింది. అమ్మ వెనకే నాన్నా పోతాడేమోనని సునీలకు కాలు నిలవడం లేదు.

అలాంటి ఇంటికి వచ్చి, ఆయన భాషలోనే వంకరటింకరగా అంది పిన్ని.

"ఏం బావా, నీ పెళ్లికి మీవాళ్లు తెచ్చిన ఎండుచేపల్లో పురుగులు."

ముసలాయన తల ఎత్తేసరికి ఆవిడ లేదు. మర్నాడు ఆయన తెల్లారే లేచి కాచుకున్నాడు.

"పురుగులు కాదు, ఉప్పు."

"ఉప్పు పాకుతుందా బావా? మిగతాది రేపు."

సునీలకు ఒళ్లు మండింది. "చావు ఇంట్లో ఈ గోలేంటి పిన్నీ? ఇక మా గడప తొక్కకు."

పిన్ని మొదటిసారి "మిగతాది రేపు" అనకుండా వెళ్లింది. రెండు రోజులు ముసలాయన దారి వంకే చూస్తూ కూర్చున్నాడు. పంది కూర చల్లారిపోయింది, అన్నం ముట్టలేదు.

మూడోనాడు సంతలో సునీలకు పిన్ని కనబడింది. విచిత్రం, కూర్చుని ఉంది. ఎదురుగా తింతెకియా ఊళ్ల నుంచి వచ్చిన ఎండుచేపల ఆవిడ.

"ఆ ముసలి పిల్లి తిట్టు ఇంకోసారి చెప్పమ్మా, నోట్లో నిలవట్లేదు."

"ఇన్ని తిట్లు ఎందుకక్కా నీకు?"

"మా బావకి. మంచిమాట చెబితే ఏడుస్తాడు. సగం తిట్టి వదిలేస్తే జవాబు చెప్పడానికైనా మర్నాడు లేస్తాడు."

సునీలకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. "పిన్నీ, ఇంతకీ ఆ పురుగుల సంగతి నిజమేనా?"

"నాకేం తెలుసే? ఆ పెళ్లికి నేను రాలేదే. జ్వరం."

"ఇంటికి రా పిన్నీ. నాన్న అన్నం తినట్లేదు."

ఇద్దరూ గబగబా వచ్చేసరికి ఇంట్లో ముసలాయన లేడు, చేతికర్రా లేదు. వెతుక్కుంటూ పిన్ని ఇంటిదాకా పరుగెత్తారు.

అక్కడ ఉన్నాడు గజేంద్ర. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట. పిన్ని దొరక్క, ఆమె మొగుణ్ణి తింతెకియాలో దులిపేస్తున్నాడు. ఒక్క ముక్కా అర్థంకాని ఆ పెద్దమనిషి, అలవాటు కొద్దీ, అన్నింటికీ తల ఊపుతున్నాడు.

పిన్ని ఊపిరి తీసుకుని జవాబుకు నోరు తెరిచింది. ముసలాయన కర్ర తిప్పి దారి పట్టాడు.

"అన్నం పెట్టు సునీలా, ఆకలేస్తోంది." వెనక్కి తిరగకుండానే పిన్నికి కేకేశాడు. "మిగతాది రేపు."