మా అత్తను కరిచిన కుక్క

మా ఆయన బస్సు డ్రైవరు. పొద్దున మా ఊరు ప్రొద్దుటూరులో బయలుదేరి, జమ్మలమడుగులో ఆగి, పెన్న దాటి, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరే ప్రైవేటు బస్సు ఆయనది. రాత్రికి అక్కడే నిద్ర చేసి మరునాడు తిరిగొచ్చేవాడు. మనకు కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు పెళ్లై ఏడాది దాటింది. ఇంట్లో మేం ముగ్గురమే: ఆయన, నేను, మా అత్త.

చలికాలంలో ఒకనాడు ఆయన పులివెందుల నుంచి వచ్చి, లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు. చేతిలో నూనె మరకల గుడ్డ మూట ఉంది. మూట కదులుతోంది.

మా అత్త వసారాలో కూర్చుని శనగకాయలు ఒలుస్తోంది. విత్తనాల కోసం మిల్లువాళ్లు పంపే కాయలు ఒలిచి ఇవ్వడం ఆమె పని. తలెత్తి చూసి, "ఏంది రా అది?" అంది.

"కుక్కపిల్ల మా."

"యాడిది?"

"పులివెందుల్లో రాత్రి మన ఇంజన్లో దూరి పండుకోనుండె, ఎచ్చగా ఉంటాదని. పొద్దున్నే బండి స్టార్టు చేస్తానే ఫ్యాను తగిలి చెవి తెగింది."

"తెగితే ఆడనే ఇడ్సిపెట్టి రాకూడదా?"

"నెత్తురు కారతాంటే ఎట్ల ఇడ్సేది మా?"

మా అత్త తల దించి మళ్లీ కాయలు ఒలుచుకుంది. ఆమె మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు, తర్వాత చూసుకుంటానని. నేను మూట విప్పాను. పిడికెడంత ఎర్రటి కుక్కపిల్ల. ఎడమ చెవి సగం లేదు. పసుపు అద్దితే కుయ్యోమని నా వేలు చీకడం మొదలుపెట్టింది. చల్లలో కలిపిన సంగటి ముద్ద పెడితే మూతి, ముందుకాళ్లు అన్నీ అందులో ముంచి తిని, గిన్నె పక్కనే నిద్రపోయింది.

దానికి పేరు పెట్టలేదు. ఇవాళ పెడదాం, రేపు పెడదాం అనుకుంటూనే అది పెద్దదైపోయింది. పిలవాలంటే నాలుకతో చప్పుడు చేసేవాళ్లం, వచ్చేది. గడప దాటి లోపలికి రాకూడదని మా అత్త కట్టడి చేసింది. అది గడప మీద గడ్డం ఆనించి, మిగతా ఒళ్లంతా బయట ఉంచి పడుకునేది. అయినా ఆమెకు దానిమీద కోపం తగ్గలేదు. కారణం శనగకాయలు. ఆమె కన్ను తప్పితే చాలు, చాట దగ్గరికి వచ్చి ఒక కాయ నోట కరచుకుని పోయేది. పొట్టు వదిలేసి పప్పు తినడం ఎక్కడ నేర్చిందో తెలియదు.

"నేను మిల్లుకు లెక్క సెప్పాల, నువ్వు సెప్తావా?" అని దాన్ని తిట్టేది.

ఆయన వచ్చే సాయంత్రం మాత్రం అది మాకంటే ముందు లేచేది. వీధి చివర బస్సు హారన్ మాకు వినపడే లోపలే సగం చెవి, నిండు చెవి రెండూ నిక్కబొడుచుకుని పరిగెత్తేది. ఆయన సంచీ పట్టుకుని నడుస్తుంటే, పోలీసు మాదిరి పక్కనే నడిచి ఇంటికి తెచ్చేది.

అట్లా రెండేళ్లు గడిచాయి. ఒక వేసవిలో మా వీధిలోకి పిచ్చికుక్క వచ్చింది. నోటి వెంట నురగ కారుస్తూ రెండు మేకలను కరిచి, ఏటి వైపు పోతే జనం కర్రలతో కొట్టి చంపారు. అది మా కుక్కను కరిచిందో లేదో ఎవరూ చూడలేదు. ఒంటి మీద గాయమైతే కనపడలేదు.

ఆ వారంలోనే, దీపాలు పెట్టేవేళ, మా అత్త చాట చేత్తో పట్టుకుని వసారా దిగుతూ నిద్రపోతున్న కుక్క కాలు తొక్కింది. అది ఉలిక్కిపడి ఆమె పిక్క పట్టుకుంది. వెంటనే వదిలేసి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని మూలకు పోయింది. పిక్క మీద నాలుగు పళ్ల గాట్లు. నెత్తురు.

వీధి వీధంతా వచ్చింది. ఎవరో గాటు మీద మిరపపొడి అద్దారు. ఇంకెవరో కర్ర తెచ్చారు.

"దానికీ పిచ్చి పట్టింటాది. సంపేద్దాం తల్లీ," అన్నారు నాతో. ఆయన ఆ రోజు పులివెందులలో ఉన్నాడు.

అప్పుడు పక్కింటి పెద్దమ్మ వచ్చింది. వాళ్లది దూది ఏకి పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం. నమాజు చేసుకునే మనిషి కాబట్టి కుక్క తగిలితే మళ్లీ కాళ్లూ చేతులూ కడుక్కోవాలని, దాన్ని ఎప్పుడూ దూరంగానే పొమ్మనేది. ఆమె కర్ర పట్టుకున్న మనిషిని చూసి, "నువ్వు దాన్ని సంపితే ఈమె పిక్క మానుతాదా? పొద్దున డాక్టర్ను అడిగినాక సంపుదువులే. అందాక మా మేకల కొట్టంలో కట్టేస్తా. మేకలు బయట పండుకుంటాయి," అంది. చెప్పి, తన చేత్తోనే తాడు పట్టుకుని లాక్కుపోయింది.

మరునాడు జమ్మలమడుగు పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ గాయాన్ని సబ్బుతో చాలాసేపు కడిగింది. "కుక్క బతికి ఉందా?" అని అడిగింది.

"ఉంది. మా ఈదోళ్లు సంపాలంటాండారు," అంది మా అత్త.

"చంపనివ్వకండమ్మా. కట్టేసి అన్నం, నీళ్లు పెట్టి చూడండి. దానికి జబ్బు ఉంటే పది రోజుల్లోపు తెలిసిపోతుంది. పది రోజులూ బాగుంటే మీకేం భయం లేదు, సూదులు ఆపేస్తాను. అంతవరకు రోజూ రావాలి."

సూదులు బొడ్డు చుట్టూ వేసేవాళ్లు. మా అత్త పళ్లు బిగించి వేయించుకుంది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా మేకల కొట్టానికి పోయింది.

"నీళ్లు తాగిందా?" అని అడిగింది పెద్దమ్మను.

"తాగింది."

"నువ్వు సూసినావా?"

"సూసినా అక్కా, బుడబుడ తాగింది."

ఆ రోజు నుంచి మా అత్త కాయలు ఒలవడం మానేసింది. తెల్లారితే కొట్టం దగ్గర పీట వేసుకుని కూర్చునేది. ఆయన బస్సు జమ్మలమడుగు పోయే రోజు ఆయనతో, లేని రోజు నాతో సూదికి పోవడం, వచ్చి మళ్లీ ఆ పీట మీదే కూర్చోవడం. కుక్క నీళ్ల గిన్నెలో మూతి పెడితే ఆమె గొంతు కూడా మింగినట్టు కదిలేది. దాని బతుకులో తన బతుకుందని ఆమెకు తెలుసు. మాకూ తెలుసు.

పదిలో సగం రోజులు గడిచాక ఒక పొద్దున అది లేవలేదు. సంగటి ముట్టలేదు. నీళ్ల గిన్నె ముందుకు జరిపితే మొహం తిప్పుకుంది. ఆ రోజు పెద్దమ్మ తెల్లారకముందే చెన్నూరులో చుట్టాలింటికి పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కూడా గిన్నె నిండుగానే ఉంది.

మా అత్త తడిక బయట నుంచి చెయ్యి చాపి గిన్నె తట్టింది. "తాగు నాయనా. ఒక్క గుక్క తాగు," అంది. కన్న కొడుకును కూడా అంత మెత్తగా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

ఆయన ఇంటికొచ్చి చూసి, గోడకు చేరగిలపడి కూర్చున్నాడు. నేను పొయ్యి ముట్టించలేదు.

పొద్దు వాలేటప్పుడు పెద్దమ్మ బస్సు దిగి వచ్చింది. మా మొహాలు చూసి హడలిపోయింది. సంగతి విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్న మాపున ఈడనే మా తమ్మునింట్లో దావతు అక్కా. పొట్టేలు బొక్కలు, కొవ్వు శానా మిగిలుంటే, పాపం కట్టేసుండాదే అని గంపెడు దీనికేసినా. మీకు సెప్పకనే పోతి. కడుపు పట్టక పండుకోనుంటాది."

ఆమె చెప్పినంతసేపూ మా అత్త రెప్ప వేయలేదు. కాసేపటికి కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, గట్టిగా ఒకసారి తేన్చి, గిన్నెలో నీళ్లన్నీ తాగేసింది. ఆయన ముందు నవ్వాడు. తర్వాత నేను. మా అత్త నవ్వుతూనే ఏడ్చింది. పెద్దమ్మను పట్టుకుని, "నీ బొక్కలు మట్టిగాను, పానం తీసినావు గదమ్మే," అంది.

గడువు తీరిన రోజు డాక్టరమ్మ ఇంక రానక్కరలేదని చెప్పింది. మా అత్త ఇంటికొచ్చి తాడు తనే విప్పింది. కుక్క ఆమె వెనకాలే నడిచొచ్చి, గడప దగ్గర అలవాటుగా ఆగింది. ఆమె వెనక్కి తిరిగి చూసి, "రా," అంది. అది లోపలికొచ్చింది. ఆ తర్వాత దానికి ఇంట్లో కట్టడి లేదు.

రాజధాని హైదరాబాదుకు పోయింది. మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. చిన్నది దాని వీపు పట్టుకునే నడక నేర్చింది. ఏటేటా దాని మూతి మీద తెలుపు పాకింది. చివరి ఏళ్లలో చెవులు పూర్తిగా వినపడకుండా పోయాయి. బస్సు వచ్చినా తెలిసేది కాదు. మా అత్తకు శుక్లాలు వచ్చి కళ్లు మసకబారాయి గాని చెవులు బాగానే ఉండేవి. హారన్ వినపడగానే కాలితో దాని నడుము మెల్లగా తట్టి, "వచ్చినాడు, లెయ్," అనేది. అది లేచి, నాలుగడుగులు వేసి, అరుగు చివర నిలబడేది. ఆయనే దాని దగ్గరికి వచ్చి తల నిమిరేవాడు. దాని పళ్లు ఊడిపోయాక మా అత్త సంగటిని చల్లలో జారుగా పిసికి, ఉండలు లేకుండా చేతితో తడిమి చూసి మరీ పెట్టేది.

ఒక మాఘమాసం పొద్దున, ఎండ పడే చోట పడుకుని, నిద్రలోనే పోయింది. మా అత్త పక్కనే ఉండి కూడా చాలాసేపు గమనించలేదు, అంత నెమ్మదిగా జరిగింది.

ఏటి ఒడ్డున, దోస తోటలకు అవతల గుంత తవ్వారు. మా అత్త నడవలేకపోయినా జట్కాలో వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. దాంతోపాటే లోపల ఒక నిమ్మళం. కర్రలు తెచ్చిన జనం గుర్తొచ్చారు. ఆ కర్రకు పోకుండా, జబ్బుతో తీసుకోకుండా, నిండా ముసలిదై మా ఇంట్లో పోయింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక మా అత్త, "పాపా, రోంత కాఫీ పెట్టు, అందరం తాగుదాం," అంది నాతో. పెద్దమ్మను కూడా పిలిచాను. అరుగు మీద కూర్చుని తాగాం. మధ్యాహ్నం ఆయన డ్యూటీకి పోయాడు.