పిరోష్కా వదిలిన ఖాళీ

మోకాలు చెడి బాలే నాట్యం మానేశాక, పిరోష్కా మా బుడాపెస్టు బడిలో నాట్యలిపి నేర్పేది. ఒకప్పుడు ఆవిడ సాధనకీ, ఇప్పుడు ఈ క్లాసుకీ పియానో వాయించేది నేనే. కాగితం మీద నాట్యమేమిటని నవ్వేవాళ్ళు నవ్వారు, వాళ్ళ మొహం.

ఆ లిపిని కింది నుంచి పైకి రాస్తారు. పాదం నేల మీద ఉన్నంతసేపూ గుర్తు ఉంటుంది. ఎగిరితే గుర్తేమీ ఉండదు, గాల్లో ఉన్నంతసేపటికీ సరిపడా ఖాళీ వదలాలి.

ఓ రోజు తను ఆడిన చివరి నాట్యాన్ని బోర్డు మీద రాస్తూ, పిరోష్కా ఒకచోట జానెడు ఖాళీ వదిలింది.

పిల్లల్లో రేకా నోరు ఊరుకోదు. మా ఊళ్ళో పిల్లలకి పంతులమ్మలందరూ అత్తయ్యలే. "అత్తయ్యా, అంతసేపు గాల్లో ఉండాలంటే రెక్కలుండాలి."

"ముందు ఆ గసాల రొట్టె మింగి మాట్లాడు."

"తప్పే కదండీ మరి. చెరిపెయ్యండి."

"ఏం చెరపను? అక్కడేం రాశానని?"

పిల్లలు నవ్వలేదు. పిరోష్కా చేతికర్ర మీద ఆనుకుని, నన్ను వాయించమంది. కళ్ళు మూసుకుంది.

ఆ ఖాళీ దగ్గరికి రాగానే వేళ్ళు పైకెత్తి ఆగాను. ఆవిడ నేల మీదికి దిగేదాకా తర్వాతి స్వరం వాయించకపోవడం నాకు పాత అలవాటు.