స్తంభం దగ్గర పెట్టకూడని విస్తరి

నా చిన్నప్పుడు నాకు మా ఊరి స్తంభం మీద అసూయ ఉండేది. రాతిని చూసి ఎవరైనా అసూయపడతారా అంటే, నేను పడ్డాను.

మాది మైపాడుకు దగ్గరలో చేపలు పట్టుకునే వాళ్ళ ఊరు. ఊరి నుంచి సైన్యంలో చేరింది ఒక్కరే, మా పక్కింటి అత్త భర్త. సరిహద్దు యుద్ధంలో మంచుకొండల మీద చనిపోయాడు. అక్కడే దహనం చేశామని కబురు వచ్చింది, మనిషి రాలేదు. ఊరి పెద్దలు చందాలు వేసుకుని, సముద్రానికి వెళ్ళే దారిలో నల్లరాతి స్తంభం నిలబెట్టి ఆయన పేరు చెక్కించారు. అంతకుముందు వలలు ఆరేసుకునే చోటు అది. నిలబెట్టిన రోజే పెద్దలు దురాయి వేశారు. పెద్దలు కట్టే కట్టుబాటును మా వైపు అలా అంటారు. స్తంభం చుట్టుపక్కల వల ఆరేయకూడదు, చేపలు ఎండబెట్టకూడదు, నీచు అన్నది తగలనే కూడదు. మా ఊళ్ళో గుడికి తప్ప దేనికీ అంత మర్యాద లేదు.

మరుసటి ఏడు గాలివానలో పడవ తిరగబడి మా నాయన పోయాడు. సముద్రం ఆయనను ఒడ్డుకు తెచ్చి వదిలింది. సరుగుడు తోట వెనక పూడ్చిపెట్టారు. అంతే.

జెండా పండగకు బడి పిల్లలందరినీ స్తంభం దగ్గర నిలబెట్టేవారు. అత్త కూతురు నా ఈడుదే, బడిలో నా పక్కనే కూర్చునేది. ఆ రోజు మాత్రం దానికి ముందు వరసలో చోటు, అందరికన్నా ముందు మిఠాయి. అయ్యవారు వాళ్ళ నాయన గురించి చెబుతుంటే ఊరంతా దానివైపే చూసేది. మా నాయన కూడా చనిపోయాడు. ఆయన పేరు ఎక్కడా లేదు. నాకిచ్చిన మిఠాయిని నేను ఇసుకలో పూడ్చేసేదాన్ని.

ఒకసారి మా తాతయ్యను నిలదీశాను. నాయన పేరు కూడా ఆ రాయి మీద చెక్కించమన్నాను. తాతయ్య వల అల్లుతూ తల ఎత్తలేదు.

"సముద్రంలో పోయినోళ్ళ పేర్లన్నీ కొట్టాలంటే ఆ రాయి చాలదు మే. కొండ కావాల."

ఆయన చెప్పింది నిజమే. కానీ నాకు కావలసింది ఆ నిజం కాదు, రాయి.

ఆ ఏడు పెద్దల అమావాస్య వచ్చింది. పోయినవాళ్ళు ఇష్టంగా తిన్నవి వండి, వాళ్ళను పూడ్చిన చోట విస్తరిలో పెట్టడం మాలో ఆచారం. అమ్మకు జ్వరంగా ఉండడంతో తాతయ్య, నేను వెళ్ళాం. అన్నం, చేపల పులుసు, ఒక బీడీ కట్ట. నాయనను పూడ్చిన చోట విస్తరి వేసేసరికి అత్త వచ్చి నిలబడింది. చేతిలో మూతపెట్టిన గిన్నె. తాతయ్యతో ఏదో అనబోతే ఆయన నన్ను చూపించాడు.

"నన్నెందుకు అడుగుతావు? అది దాని నాయన చోటు. దాన్నే అడుగు."

అత్త నా ముందు గొంతుకూర్చుంది. "అమ్మే, మీ నాయన పక్కన మీ మామకు రోంత చోటిస్తావా? ఒక్క ఇస్తరికి."

ఇన్నాళ్ళు దాచుకున్నది నోట్లోంచి వచ్చేసింది. "మీకు రాయి ఉండాది గదా. ఆడ పెట్టుకో పో."

అత్తకు కోపం రాలేదు. "ఆడ నీచు పెట్టకూడదంట గదా, దురాయి. మీ మామకేమో పులుసు లేకుంటే ముద్ద దిగదు. ఆ రాయి కింద ఆయన లేడు మే. మీ అమ్మకేం, ఈడికొస్తే మొగుడుండాడు. మీ అమ్మను చూస్తే నాకు కడుపు మండుద్ది." అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మమ్మల్ని చూసి కూడా అసూయపడేవాళ్ళు ఉంటారని నేను ఎన్నడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే ముందు కలిగింది జాలి కాదు, గర్వం. ఆమె కళ్ళు చూశాక అది నిలవలేదు. నాయన విస్తరిని కొంచెం పక్కకు జరిపాను. తాతయ్య అరచేత్తో ఇసుక చదును చేశాడు. అత్త రెండో విస్తరి వేసి, పులుసులో ముక్కలు ఏరి ఏరి వడ్డించింది.

తాతయ్య లేచి చేతులు దులుపుకున్నాడు. "ఒకే పడవలో తిరిగి పెరిగినోళ్ళు. కొట్లాడుకోకుండా తినండిరా."

అసూయ ఆ రోజుతో పోయిందంటే అబద్ధం. మరుసటి జెండా పండగకు కూడా అత్త కూతురిని చూస్తే నాకు బాధగానే ఉంది. మిఠాయి మాత్రం తిన్నాను.

మొన్నామధ్య నా భర్త పోయాడు. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టాం. ఊరంతా వచ్చింది. వచ్చిన వాళ్ళలో ఒకామె పందిరి గుంజ దగ్గర నిలబడి, ఏడవకుండా, నన్నూ శవాన్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె కొడుకు సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు, శవం దొరకనూ లేదు. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి, ఆయన కాళ్ళ దగ్గర నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అప్పుడు ఆమె ఆయన పాదాల మీద చెయ్యి వేసి, తన కొడుకు పేరు పెట్టి ఏడ్చింది. నేను ఆపలేదు.